గురువుగారి తప్పును దిద్దేదెవరు?



కిందటి నెల మా చిన్నచెల్లెలి కూతురు సెలవులకు మా యింటికి వచ్చింది. ఫిజియోథెరపీ మూడవ సంవత్సరం చదువుతున్నది. ఒకనాటి సాయంత్రం నేను వాలుకుర్చీలో కాళ్ళు చాపుకొని కూర్చొని ఉండగా, "మావయ్యా, కాసేపు కదలకండి" అంటూ బీరువా తాళంచెవి తెచ్చి నా అరికాలి వెలుపలి అంచున మడమ నుండి పైకి, అక్కడి నుండి బొటనవేలి వైపుకు ఒక గీత గీసింది. నా కాలివేళ్ళు కిందికి ముడుచుకొన్నాయి. "బాగుంది" అన్నది తృప్తిగా.

"ముడుచుకోక పోతే?" అని అడిగాను.

"బొటనవేలు పైకి లేచిందంటే మెదడు నుండి వెన్నుపాములోకి దిగే నాడీమార్గంలో ఎక్కడో దెబ్బ తగిలిందన్నమాట. పసిపిల్లలలో పైకి లేవడం సహజమే. పెద్దవాళ్ళలో లేవకూడదు. దీన్ని బాబిన్‌స్కీ గుర్తు అంటారు మావయ్యా."

"ఎవరా బాబిన్‌స్కీ?"

"పరీక్షకు అంతవరకే ఉంది" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని. "పరీక్షకు అంతవరకే" అన్న మాట వింటే ఇప్పటికీ ఊరుకోలేను. పుస్తకాలు తిరగవేస్తే బాబిన్‌స్కీ దొరికాడు. ఆయనను వెతుకుతూ పోతే ఆయన గురువు దొరికాడు. ఆ గురుశిష్యుల కథ చదువుతున్నకొద్దీ నేను ఏనాడో మరచిపోయాననుకొన్న నా తరగతిగది ఒకటి కళ్ళముందు నిలిచింది. ఈ టపా ఆ రెండింటి గురించి.

గురువు పేరు జాఁ మార్తాఁ షార్కో. 1825లో పారిస్ నగరంలో బండ్లు తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఒక విభాగానికి పెద్దగా చేరి, 1893లో మరణించే వరకు అక్కడే వైద్యం చేస్తూ, పాఠం చెబుతూ గడిపాడు. ఆ పేరులో మనకు తెలిసిన వస్తువు ఒకటి ఉంది. ఒకప్పుడు అది తుపాకిమందు కోసం సురేకారం నిలువచేసిన చోటు. తరువాత 1656 నుండి దిక్కులేని స్త్రీలను చేర్చే శరణాలయం అయింది. షార్కో కాలానికి అక్కడ వృద్ధులు, మతిస్థిమితం లేనివారు, మూర్ఛరోగులు, కాళ్ళుచేతులు పడిపోయినవారు, అంతా కలిసి దాదాపు 5,000 మంది ఆడవాళ్ళు ఉండేవారు. పేరు తెచ్చుకోవాలనుకొన్న వైద్యులు అటువంటి చోటును తప్పించుకొని పోయేవారు. షార్కో దానినే గ్రంథాలయంగా భావించి అందులో కూర్చున్నాడు.

ఆయన పద్ధతి వినడానికి తేలిక. రోగిని ఏళ్ళ తరబడి చూడాలి. వణుకు ఏ చేతిలో మొదలయింది, ఊరకే ఉన్నప్పుడు వస్తోందా, వస్తువును అందుకోబోయేటప్పుడు వస్తోందా, నడక ఎట్లా ఉంది, మాట ఎట్లా మారింది, అన్నీ వ్రాసి పెట్టుకోవాలి. రోగి మరణించాక శవపరీక్ష చేసి, మెదడులోను వెన్నుపాములోను ఏ భాగం చెడిందో చూసి, ఈ రెండింటినీ జతచేయాలి. ఆయన ఇంట్లో విచిత్రమైన వణుకుతో బాధపడే పనిమనిషి ఒకామె ఉండేదట. ఆమె చేతిలో పింగాణీ పళ్ళేలు ఎన్ని పగిలిపోయినా పనిలోనుంచి తీసివేయక, ఆ వ్యాధి చివరిదాకా ఎట్లా నడుస్తుందో గమనించాడు. ఆమె మరణించాక శవపరీక్షలో అసలు సంగతి తేలింది. ఇప్పుడు మనం మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్న వ్యాధి అది. పరిశోధకుడి ఓపికను మెచ్చుకోవాలో, మరణం కోసం ఎదురుచూసిన ఆ చూపుకు జడుసుకోవాలో నాకు తోచలేదు. రెండూ చేశాను.

ఈ పద్ధతి వల్లనే 1868 ప్రాంతంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ వణుకును, అంతకుముందు దానితో కలగాపులగంగా ఉన్న మరో వణుకు వ్యాధినుండి వేరుచేయగలిగాడు. ఆ రెండవదానికి, దానిని 1817లో మొదట వర్ణించిన ఆంగ్ల వైద్యుడు పార్కిన్సన్ పేరు పెట్టించిన వాడు కూడా షార్కోయే. కండరాలు క్రమంగా కరిగిపోయే ఏ.ఎల్.ఎస్. వ్యాధిని నిర్ధారించి చెప్పింది ఆయనే. ఫ్రాన్సులో నేటికీ దానిని షార్కో వ్యాధి అంటారు. 1882లో ఆయన కోసం ప్రభుత్వం నాడీవ్యాధులకంటూ ప్రత్యేకంగా ఒక ఆచార్యపీఠాన్ని నెలకొల్పింది.

పాఠం చెప్పే తీరులో ఆయనను చూస్తే నావంటి బడిపంతులుకు అసూయ పుడుతుంది. రోగి నడకను తానే నడిచి చూపేవాడు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మలు గీసేవాడు. ఛాయాచిత్రాలను దీపంతో తెర మీద వేయించేవాడు. వణుకులోని భేదం గది చివర కూర్చున్నవాడికి కూడా కనిపించాలని రోగుల తలపై పొడవాటి ఈకలున్న టోపీలు పెట్టించేవాడట. ముందు వ్యాధి సంపూర్ణరూపాన్ని చూపి, ఆ తరువాతనే అసంపూర్ణ రూపాలలోకి దిగేవాడు. మనం వ్యాకరణం చెప్పేటప్పుడు సూత్రానికి లొంగే ఉదాహరణలు ముందు ఇచ్చి, చిన్నయసూరి "బహుళం" అన్నచోట కలిగే చిక్కులను ఆ తరువాత విప్పమా? అటువంటిదే.

వారంలో ఆయన పాఠాలు రెండు రకాలు. శుక్రవారం పాఠం ముందుగా వ్రాసుకొని, తీర్చిదిద్దుకొని వచ్చేది. మంగళవారం పాఠానికి అటువంటి సన్నాహం ఉండదు. ఆనాడు బయటినుండి వచ్చిన రోగులలో, తాను అంతకుముందు చూడనివారిని శిష్యుల ఎదుటనే పరీక్షించి, పైకి ఆలోచించేవాడు. 1885 అక్టోబరు నుండి 1886 ఫిబ్రవరి వరకు ఆయన వద్ద ఉన్న విద్యార్థులలో ఫ్రాయిడ్ ఒకడు. ఈ రోగం నాకు అంతుపట్టలేదనో, పై లక్షణాలు చూసి నేను మోసపోయాననో గురువు ఒప్పుకొనే ఘడియలలోనే ఆయన అందరికన్న గొప్పవాడుగా కనిపించేవాడని ఫ్రాయిడ్ తరువాత స్మరించుకొన్నాడు. అధ్యాపకులైన మిత్రులు ఈ వాక్యం దగ్గర ఒక క్షణం ఆగవలసిందిగా నా మనవి.

ఆయన చెప్పిన చదువు వైద్యవిద్యార్థులతో ఆగిపోలేదు. ఆయన శిష్యుడు బూర్నెవిల్ 1878లో సాల్పెట్రియేర్‌లో పరిచారికలకు పాఠశాల తెరిపించాడు. అప్పటికి వార్డులలో పనిచేసే ఆడవాళ్ళలో చాలామందికి అక్షరాలు కూడా రావు. రాత్రిపూట వారికి చదవడం, వ్రాయడం నేర్పుతూ, రోగికి సేవ చేసే విద్యను కూడా నేర్పించాడు. మా మేనకోడలి వంటి పిల్లలు ఈనాడు చదువుతున్న చదువులకు అటువంటి రాత్రిబడులలో కొన్ని వేళ్ళు ఉన్నాయి.

ఇంతటి గురువు ఒక్కచోట ఘోరంగా పొరబడ్డాడు. ఆ పొరపాటు హిస్టీరియా గురించి.

1870లో ఆసుపత్రి భవనాలను సర్దుబాటు చేసినప్పుడు మూర్ఛరోగులను, హిస్టీరియా ఉన్నదన్న స్త్రీలను ఒకే విభాగంలో చేర్చి షార్కోకు అప్పగించారు. పక్కమంచం మీది మూర్ఛను రోజూ చూసే మనిషికి తన బాధ ఆ రూపంలోనే బయటపడటం ఆశ్చర్యం కాదు. కాని షార్కో ఆ ఆవేశాలకు కూడా వెన్నుపాము వ్యాధికి ఉన్నట్టే మార్పులేని లక్షణాలు ఉన్నాయని నమ్మాడు. ఆవేశానికి నాలుగు దశలు, వశీకరణ నిద్రకు మూడు స్థితులు అని విభజించాడు. పాఠానికి ముందు ఆ స్త్రీలను సిద్ధపరచినది చాలావరకు సహాయకులే. ఆ స్త్రీలు వేదిక మీదికి వచ్చి, సూత్రంలో ఉన్న దశలను సూత్రంలో ఉన్న వరుసలోనే ప్రదర్శించేవారు.

1887లో బ్రూయే అనే చిత్రకారుడు ఈ పాఠాన్ని పెద్ద తైలవర్ణచిత్రంగా వేశాడు. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, పద్నాలుగు అడుగుల వెడల్పు. షార్కో నిలబడి ఉపన్యసిస్తున్నాడు. బ్లాంష్ విట్మన్ అనే రోగిణి సొమ్మసిల్లి వెనక్కు వాలిపోతున్నది. ఆమెను పట్టుకొని నిలబడిన యువకుడు బాబిన్‌స్కీ. కుడివైపున ఆమె పడిపోతే అందుకోవడానికి ఉన్న పరిచారిక బొతార్, సంవత్సరాల తరబడి ఆ రోగుల మధ్యనే బ్రతికిన మనిషి. ఎదుట బెంచీల నిండా పండితులు, విద్యార్థులు.

ఆ చిత్రం నకలును నేను చాలాసేపు చూశాను. శ్రోతల వెనుక గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి ఉన్నది. శరీరం విల్లులా వంగిపోయిన స్త్రీ బొమ్మ. రాబోయే దశ అదే. ఆ బొమ్మ శ్రోతల వీపుల వెనుక, రోగిణికి ఎదురుగా ఉన్నది. అంటే ప్రశ్నపత్రం ఇచ్చి, జవాబును ఎదుటిగోడ మీద అంటించినట్టు. ఆ గదిలో అందరూ రోగిణిని చూస్తున్నారు. రోగిణి ఏమి చూస్తున్నదో తెలుసుకోవడానికి ఒక్కరూ వెనక్కు తిరగలేదు. బొతార్‌ను అడిగి ఉంటే ఏమి చెప్పేదో గాని, ఆమె వంక చూస్తున్నవారు కూడా నాకు కనిపించలేదు.

బయటినుండి ఆక్షేపణ వచ్చింది. నాన్సీ నగరంలో బెర్న్‌హైమ్ అనే వైద్యుడు, ఈ దశలన్నీ రోగులకు తెలిసో తెలియకో మనం నూరిపోసినవే అన్నాడు. తాను చూసిన వేలమందిలో ఆ మూడు స్థితులు వరుసగా కనిపించినది ఒక్కరిలోనేనని, ఆమె సాల్పెట్రియేర్‌లో మూడేళ్ళు ఉండి వచ్చిన మనిషేనని వ్రాశాడు. దీనికి సమాధానంగా గురుపక్షాన కలం పట్టినవారిలో, 1889లో, బాబిన్‌స్కీ ఉన్నాడు.

ఎందుకు ఉన్నాడు? కళ్ళు లేకనా? ఆనాటి పారిస్‌లో పెద్ద ఆచార్యుని అండ లేనిదే వైద్యుడికి ఉద్యోగం లేదు, పీఠం లేదు. 1892లో బాబిన్‌స్కీ ఆచార్యపదవికి దారితీసే పోటీపరీక్షకు వెళ్ళి ఎంపిక కాలేదు. పరీక్షకసంఘానికి అధ్యక్షుడు బూషార్. ఒకప్పుడు షార్కో శిష్యుడే, అప్పటికి ప్రత్యర్థి. గురువుల వైరంలో శిష్యుని భవిష్యత్తు కొట్టుకుపోయింది. గురువును కాదంటే నిలువనీడ ఉండదు, ఔనంటే ఈ గతి. ఈ స్థితిలో ఏ శిష్యుడు నోరు విప్పుతాడు?

షార్కో 1893లో మరణించాడు. 1896లో బాబిన్‌స్కీ ఒక చిన్న ప్రకటన చేశాడు. అరికాలిని గీస్తే బొటనవేలు పైకి లేవడం నాడీమార్గం చెడినందుకు గుర్తు అని. దాని విలువ ఏమిటంటే, ఆ కదలికను ఎవరూ నూరిపోయలేరు. ఎవరి మెప్పు కోసమూ అది రాదు. నిజమైన పక్షవాతానికి, మనోవ్యథ వల్ల కాలుచేయి కదలకపోవడానికి భేదం అడిగితే రోగి నోరు ఏమి చెప్పినా అరికాలు తన మాట తాను చెబుతుంది. తరువాత 1901లో ఆయన హిస్టీరియాను నిర్వచిస్తూ, అది సూచన వల్ల పుట్టించగలిగేది, నచ్చజెప్పడం వల్ల పోగొట్టగలిగేది అన్నాడు. గురువుగారి నాలుగు దశల భవనం కూలిపోయింది. ఆ ఉత్సవం ఆగాక అటువంటి రోగులు కూడా అరుదయిపోయారు. బ్లాంష్‌కు ఆవేశాలు రావడం మానేశాయి. ఆమె ఆ ఆసుపత్రిలోనే ఎక్స్‌రే విభాగంలో పనిచేసి, ఆ కిరణాల దుష్ఫలితంగా అంగచ్ఛేదాలకు గురై 1913లో చనిపోయింది.

మరొక సంగతి. చనిపోవడానికి కొద్దికాలం ముందు షార్కో తన కార్యదర్శి గినోఁతో, హిస్టీరియా గురించి తాను చెప్పినదంతా తిరిగి చూసుకోవలసి ఉన్నదని అన్నాడట. అనేక సంవత్సరాల తరువాత గినోఁ ఈ మాట బయటపెట్టాడు. మంగళవారం నాటి వినయం ఆయనలో చావలేదన్నమాట. కాని దానిని వేదిక మీద చెప్పే వ్యవధి మిగలలేదు.

ఇక్కడ నా తరగతిగది సంగతి చెప్పాలి.

పదవ తరగతికి ఛందస్సు చెబుతున్న రోజులు. ఒకనాడు అభ్యాసం కోసం నేను కట్టిన పద్యపాదం ఒకటి బల్ల మీద వ్రాసి, గణవిభజన మొదలుపెట్టి, గంట కొట్టడంతో తొందరలో "ఇది ఉత్పలమాల" అని ముగించి వెళ్ళిపోయాను. అది చంపకమాల. మొదటి గురువు ఉండవలసినచోట రెండు లఘువులు ఉన్నాయి. అంతే తేడా. పరీక్షలో ఆ పాదమే ఇచ్చాను. దిద్దుతూ ఉంటే ఒక పిల్లవాడి కాగితం దగ్గర కలం ఆగిపోయింది. న, జ, భ, జ, జ, జ, ర. ఇరవయ్యొక్క అక్షరాలకు గురులఘువులు ఒక్క తప్పు లేకుండా గుర్తించాడు. గణాల పేర్లన్నీ సరిగ్గా వ్రాశాడు. దాని కింద గీత గీసి "కనుక ఇది ఉత్పలమాల" అని వ్రాశాడు.

పిలిచి అడిగాను. తలవంచుకొని, "లెక్క చంపకమాలకే వచ్చిందండి. కాని మీరు ఆ రోజు ఉత్పలమాల అన్నారు కదండి" అన్నాడు.

ఆ "కనుక" అన్న మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. వాడి కళ్ళు సరిగ్గానే చూశాయి. చేతులు సరిగ్గానే విభజించాయి. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి వాడు నన్ను చూశాడు. మరి నేను చేసిన ఘనకార్యం? ఆ ప్రశ్నకు అందరికీ మార్కులు వేసి ఊరుకొన్నాను. మర్నాడు తరగతిలో బల్ల ముందు నిలబడి "తప్పు నాది" అని అనలేదు. అప్పటికి నాకు క్రమశిక్షణ గల పంతులుగా పేరు. ఆ పేరు పోతుందని భయపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, నా తరగతిలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయకపోవడాన్నే నేను క్రమశిక్షణ అనుకొన్నాను.

మన పెద్దలు ఎక్కడైనా గెలుపునే కోరవచ్చునని, శిష్యుని చేతిలో మాత్రం ఓటమిని కోరాలని అన్నారు. సన్మానసభలలో ఈ మాట చెప్పని వక్త ఉండడు. కాని ఓటమిని కోరడం అంటే పదవీవిరమణ నాడు ఆశీర్వదించడం కాదు గదా! తరగతి నడుస్తున్నప్పుడే, అందరి ఎదుట, చేతిలో సుద్దముక్క ఉండగానే ఓడిపోవడానికి చోటు ఉంచడం. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు వస్తే పిప్పలాదుడు వారిని ఒక సంవత్సరం నియమంతో ఉండమన్నాడు. ఆ తరువాత ఇష్టమైన ప్రశ్నలు అడగమన్నాడు. తమకు తెలిసినట్లయితే చెబుతామన్నాడు. "తెలిసినట్లయితే" అన్న ఆ షరతులోనే గురుత్వమంతా ఉందని నాకు తోస్తుంది. అందరూ ఎదురు చెబితే తరగతి సాగుతుందా అనేవారికి ఆ ఒక్క సంవత్సరం సమాధానం. ముందు చూడటం నేర్చుకోవాలి. నేర్చుకొన్నాక చూసినది చెప్పే హక్కు ఉండాలి.

బాబిన్‌స్కీ చేసినది గురుద్రోహమని నేను అనుకోను. లక్షణాన్ని ఓపికగా చూడటం, ఇది నిజంగా నాడికి తగిలిన దెబ్బేనా అని శోధించడం షార్కో నేర్పిన విద్యయే. గురువు ఇచ్చిన కొలబద్దతోనే గురువు మాటను కొలిచాడు. నాకున్న బాధ ఒక్కటే. ఆ పని గురువు బ్రతికి ఉండగా జరగలేదు. జరిగి ఉంటే మొదట మేలు కలిగేది ఆ స్త్రీలకు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఒక గురువు ఎంతమంది శిష్యులను తయారుచేశాడని లెక్కించడం సులభం. "మీరన్నది సరికాదండి" అని ఆయన ముఖం మీద చెప్పి, మర్నాడు మళ్ళీ అదే తరగతిలో నిర్భయంగా కూర్చోగలిగినవారు ఎంతమంది అని అడగాలి. వైద్యం చెప్పేచోట ఇది మరీ అవసరం. అక్కడ తప్పు కాగితం మీద ఉండిపోదు, మనిషి శరీరం మీదికి వస్తుంది. పెద్ద డాక్టరుగారు మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే. గంటల తరబడి రోగి చేయి పట్టుకొని నడిపించేది మా మేనకోడలి వంటివారు. వారు చూసినది వారి నోటినుండి బయటికి రావాలి.

పిల్ల తిరిగి వెళ్ళేనాడు ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "మరి మాకు పాఠం చెప్పేవాళ్ళు తప్పు చెబితే నన్నేం చేయమంటారు మావయ్యా?" అన్నది. "లెక్కలో వచ్చినదే వ్రాయి" అన్నాను. బస్సు కదిలాక గుర్తుకు వచ్చింది, ఆనాటి పిల్లవాడికి నేను చెప్పవలసిన మాట అదేనని. వాడు ఇప్పుడు నలభయ్యేళ్ళవాడై ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఒకవేళ ఇది వాడి కంటబడితే: నాయనా, అది చంపకమాలే. నువ్వు కట్టిన లెక్క సరైనది. తప్పు నాది.